మిరప కొమ్మ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే నా ఫోనులో పెళ్లి ఫొటోలకన్నా మిరప ఆకుల ఫొటోలే ఎక్కువ. నర్సంపేట వైపు మాకు నాలుగెకరాలుంది. నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చదివాను. ఈ రెండు అర్హతలతో చుట్టాలందరికీ పంటల డాక్టరునైపోయాను. ఫొటో కింద ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "తమ్మీ, ఏ మందు కొట్టాలి?" "ఇదేం రోగం?" అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నిజానికి కష్టమైన ప్రశ్న రెండోది. దానికి జవాబు దొరికితే మొదటిది చాలాసార్లు తేలిగ్గా తేలిపోతుంది. అసలు మందే అక్కర్లేదని తేలిన సందర్భాలూ ఉన్నాయి. ఆ జవాబు కోసం తొక్కడానికి మన వైపు గడపలు తక్కువేమీ లేవు. ఊళ్లో వ్యవసాయ విస్తరణ అధికారి కూర్చునే రైతు వేదిక, మండల కేంద్రంలో పురుగుమందుల దుకాణం, చేతిలో ఫోను, వరంగల్‌లో పరిశోధన స్థానం, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం, మరీ అవసరమైతే రాజేంద్రనగర్ ల్యాబులు. అన్నీ పనికొచ్చేవే, కానీ అన్ని రోగాలకూ కాదు. పంటి నొప్పికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లం కదా.

ముందు చేనులో పది నిమిషాలు

ఎవరిని అడిగినా వాళ్లు చూసేది మీరు చూపించిందే. అందుకని గడప దాటే ముందు చేనులో పది నిమిషాలు నిలబడాలి.

మిరపలో ముడతనే తీసుకోండి. మన రైతులు అన్నిటినీ కలిపి "ముడత వచ్చింది" అంటారు. కానీ ఆకు అంచులు పైకి లేచి పడవలా కనిపిస్తే అది తామర పురుగుల పని. అంచులు కిందికి వాలి పడవ బోర్లించినట్టుంటే, ఆకు కాడ సాగినట్టుంటే, అది నల్లి. ఆకులు చిన్నవైపోయి, ఈనెలు పాలిపోయి, మొక్క ఎదగక గుబురుగా ముద్దకట్టి ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. ముడత ఒకటే, కారణాలు మూడు. తామర పురుగుకు కొట్టే మందు నల్లికి పనిచేయదు, ఎందుకంటే నల్లి పురుగు జాతే కాదు, సాలీడుకు చుట్టం. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు కొడితే నల్లిని తినే మేలు చేసే పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. వైరస్‌కైతే ఏ దుకాణంలోనూ మందు లేదు. ఆకు ఏ వైపు వంగిందో చూసే ఒక్క చూపుకు వేల రూపాయల విలువ ఉంది.

రెండో చూపు పొలం మొత్తం మీద వేయాలి. ప్రాణమున్న రోగం ఒక మూల మొదలై పాకుతుంది. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, లేదా గట్టు వెంట మొదలై లోపలికి వస్తుంది. ఒకే రోజు పొలమంతా ఒకేలా మారిందంటే, లేదా పంపు నడిచిన సాలు వెంటే కనిపిస్తోందంటే, అనుమానం తెగులు మీద కాదు, మన మీదే పడాలి. పత్తి ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా మారితే ఊరంతా కొత్త వైరస్ వచ్చిందని గోల చేస్తారు. పక్క పొలంలో మొక్కజొన్నకో వరికో కలుపు కోసం టూ ఫోర్ డి కొట్టారా, అదే పంపు కడగకుండా పత్తిలోకి వచ్చిందా అని అడిగితే సగం గోల అక్కడే ఆగిపోతుంది.

దుకాణం: దగ్గర, తెలిసినవాడు, అప్పు కూడా ఇస్తాడు

దుకాణదారుణ్ని తిట్టడం సులువు. నేను తిట్టను. ఉదయం ఎనిమిదింటికి తెరిచి ఉండేది ఆయన గడపే. రోజుకు యాభై మంది కొమ్మలు తెచ్చి చూపిస్తారు కాబట్టి ఈ వారం చుట్టుపక్కల ఏ పురుగు లేచిందో ఆయనకు తెలిసినంత తొందరగా ఇంకెవరికీ తెలియదు. పంట చేతికొచ్చేదాకా ఆగే ఓపిక కూడా ఆయనకే ఉంది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) 2003 నుంచి దుకాణదారుల కోసం ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఆ పత్రం గోడకు తగిలించి ఉంటే ఆ దుకాణానికి ఒక మార్కు ఎక్కువ వేసుకోండి.

చిక్కు ఎక్కడంటే, ఆయన జవాబు ఎప్పుడూ సీసా రూపంలోనే ఉంటుంది. రోగాన్ని చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కరే అయినప్పుడు "ఏమీ కొట్టకు, నాలుగు రోజులు ఆగు" అన్న మాట వినపడదు. అనుమానం తీరక మూడు సీసాలు కలిపి ఇస్తాడు: పురుగుకు ఒకటి, బూజుకు ఒకటి, "మొక్క బలానికి" ఒకటి. ఆ మూడో సీసా గురించి నాకున్న అభిప్రాయం ఇక్కడ రాయను.

దుకాణానికి వెళ్తే రెండు పనులు చేయండి. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, దాని కింద చిన్నగా రాసిన అసలు మందు పేరు చదవండి. పోయిన వారం కొట్టిన సీసా, ఇప్పుడు చేతిలో పెట్టిన సీసా పేర్లు వేరైనా లోపల ఒకటే ఉండటం నేను చాలాసార్లు చూశాను. రెండోది, ముక్కోణం రంగు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు ఉంటే మందు గట్టిదని మన వాళ్ల నమ్మకం. ఆ రంగు చెప్పేది మనిషికి ఎంత విషమో, పురుగు మీద ఎంత పనిచేస్తుందో కాదు. ఇక బిల్లు అడగడం మరచిపోవద్దు. బిల్లు ఇవ్వని దుకాణం ఎంత దగ్గరిదైనా దూరం పెట్టాల్సిందే.

పత్తి వాలిపోయిన రోజు

ఎవరిని అడగాలన్న విషయం నాకు బాగా తలకెక్కింది మా పెదబాపు పత్తి చేనులో. నల్లరేగడి భూమి. ఆగస్టులో పదిహేను రోజులు ఎండగొట్టి, తర్వాత ఒక రాత్రి కుండపోత. తెల్లారి వెళ్తే పచ్చగా ఉన్న మొక్కలే ఆకులు వేలాడేసి నిలబడి ఉన్నాయి. పెదబాపు వెంటనే బండి తీశాడు. మధ్యాహ్నానికి వేర్ల దగ్గర పోసే బూజుమందు, బకెట్లు, ఇద్దరు కూలీలు సిద్ధం.

నేను రెండు మొక్కలు పీకాను. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. గోటితో గీరితే బెరడు ఊడిరాలేదు. కాండాన్ని కత్తితో నిలువుగా చీల్చాను. లోపల పాలిపోయిన తెలుపే తప్ప గోధుమ రంగు చార ఒక్కటీ లేదు. వేరుకుళ్లయితే మొక్క లాగగానే వచ్చేస్తుంది, బెరడు పీచుపీచుగా ఊడుతుంది. ఫ్యుజేరియం ఎండు తెగులయితే చీల్చిన కాండంలో గోధుమ గీత కనిపిస్తుంది. ఈ రెండూ కాదు. ఎండకు అలవాటుపడిన వేళ్లు ఒక్కసారిగా నీళ్లలో మునిగి ఊపిరాడక మొక్క వాలిపోయింది, అంతే. పుస్తకాల్లో దీన్ని పారా విల్ట్ అంటారు. దీనికి సూక్ష్మజీవి ఏదీ కారణం కాదు, కాబట్టి బూజుమందు పోస్తే చావడానికి అక్కడ బూజు లేదు. చేయాల్సింది సాళ్ల మధ్య కాలువలు తీసి నీళ్లు బయటికి పంపడం.

"మరి కొన్న మందు?" అన్నాడు పెదబాపు.

"సీలు విప్పలేదు కదా, వాపసు ఇచ్చేయండి."

దుకాణదారు వాపసు తీసుకోలేదు, వేరే మందుకు మార్చుకోమన్నాడు. అది వేరే కథ. మూడో రోజుకు కొన్ని మొక్కలు తేరుకున్నాయి, కొన్ని పోయాయి. ఆ మందు పోసి ఉంటే తేరుకున్నవాటి ఘనత దానికే దక్కేది. మన దగ్గర చాలా మందులకు పేరొచ్చింది ఈ దారిలోనే.

ఇలాంటి వాలుడు రోగాల్లో ఫొటో పంపి లాభం లేదు. వాలిన మొక్క ఫొటోలో ఏ కారణంతో వాలినా ఒకేలా ఉంటుంది. అసలు సంగతి మట్టిలోనూ కాండంలోనూ ఉంది.

ఫోను: ఆకుమచ్చకు మంచి చూపు, వేరుకు గుడ్డి

యాప్‌ల సంగతి చెప్పుకుంటే, తెలుగులో పనిచేసేవి ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వం కూడా 2024 ఆగస్టులో జాతీయ పురుగుల నిఘా వ్యవస్థ పేరుతో ఫొటోను బట్టి పురుగు, తెగులు చెప్పే యాప్ ఒకటి తెచ్చింది. నేను వాడతాను. స్పష్టమైన మచ్చ ఉన్నప్పుడు, ఉదాహరణకు వరిలో నూలు కండె ఆకారంలో మధ్యలో బూడిద రంగుతో ఉండే అగ్గితెగులు మచ్చ, పసుపు పంట ఆకు మీద పెద్ద గోధుమ మచ్చ, మిరప ఆకు కింద తెల్లటి బూడిద, ఇలాంటివి బాగానే పడుతుంది.

అయితే ఈ రంగంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. 2016లో 14 పంటలకు చెందిన 54 వేలకు పైగా ఆకుల ఫొటోలతో కంప్యూటరుకు తెగుళ్లు నేర్పిన ఒక పరిశోధన అచ్చయింది. అదే తరహా ఫొటోలు చూపిస్తే 99 శాతానికి పైగా సరిగ్గా చెప్పింది. వేరే చోట, వేరే వెలుతురులో తీసిన ఫొటోలు చూపించేసరికి 31 శాతం దగ్గరికి పడిపోయింది. కారణం సులువే. నేర్చుకున్న ఫొటోల్లో ఆకును తెంపి, ఒకే రంగు పలక మీద పెట్టి తీశారు. మన చేనులో ఆకు మీద ధూళి, వెనక గడ్డి, పక్కన వేలు, మీద ఎండ మెరుపు. ఆ తర్వాత యాప్‌లు చాలా మెరుగయ్యాయి కానీ పాఠం పాతబడలేదు. నీడలో, ఒకే ఆకును, పైవైపు ఒకటి, కిందివైపు ఒకటి, దగ్గరగా తీయండి. మూడుసార్లు తీస్తే మూడు పేర్లు చెప్పిందంటే యాప్‌కు తెలియదని అర్థం. మనిషైతే "తెలియదు" అంటాడు, అది అనదు.

ఊరి వాట్సాప్ గ్రూపుల గురించి ఒక్క వాక్యం: జవాబు తొందరగా వస్తుంది, అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి నడుస్తోంది. 1800-180-1551కు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లకు మొక్క కనిపించదు కాబట్టి రోగం పేరు కోసం వాళ్ల మీద ఆధారపడకండి. కానీ పేరు తెలిశాక ఎంత మోతాదు, ఏది దేనితో కలపకూడదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్న ప్రశ్నలకు అమ్మకంతో సంబంధం లేని జవాబు అక్కడ దొరుకుతుంది. దుకాణంలో చెప్పిన మాటను సరిచూసుకోవడానికి నేను ఎక్కువగా వాడేది ఈ నంబరునే.

రైతు వేదిక, ఒక చిన్న తిరకాసు

వ్యవసాయ విస్తరణ అధికారి మన క్లస్టర్ మనిషి. సుమారు ఐదు వేల ఎకరాలకు ఒకరు. చదువుకున్నవాళ్లు, చాలామంది ఓపికగా వింటారు. కానీ పంటల నమోదు, పథకాల కాగితాలు, కొనుగోలు కేంద్రాల పనులు అన్నీ వాళ్ల నెత్తిమీదే ఉన్నాయి. మీ చేనుకు వచ్చే రోజు కోసం ఎదురుచూసేలోగా రోగం పక్క మడికి పోవచ్చు. అందుకని వాళ్లను పిలవడం కన్నా మొక్కను వేదికకు తీసుకెళ్లడమే మేలు. వాళ్ల దగ్గర ఇంకో లాభం ఉంది. సంగతి పెద్దదైతే పై అధికారికి, శాస్త్రవేత్తల బృందానికి కబురు పంపేది వాళ్లే. పది మంది రైతుల చేన్లలో ఒకే లక్షణం ఉంటే వేర్వేరుగా తిరగకుండా అందరూ కలిసి వాళ్లకు రాసివ్వండి.

తిరకాసు ఏమిటంటే మిరప, పసుపు ఉద్యాన పంటల కింద వస్తాయి. వాటికి ఉద్యాన శాఖ అధికారి వేరే ఉంటారు. వరి, పత్తి, మొక్కజొన్న అయితే వ్యవసాయ శాఖ. ఇది తెలియక తిరిగిన చక్కర్లు మా ఇంట్లోనే బోలెడు. ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగులో ఉందని విని మా బావమరిది ఒకసారి రామప్ప వైపున్న ములుగుకు వెళ్లబోయాడు. ఆ ములుగు సిద్దిపేట జిల్లాది.

ములుగు రోడ్డు, మామునూరు: మొక్కను పట్టుకెళ్లే పద్ధతి

నన్నడిగితే, రోగం ఏమిటో నిజంగా తెలియనప్పుడు ఒక పూట పోయినా సరే వెళ్లాల్సిన గడప ఇదే. వరంగల్ ములుగు రోడ్డులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. మన వైపు వరిలో ఉల్లికోడు అనే పురుగు బెడద ఎక్కువని దాన్ని తట్టుకునే రకాల మీద ఏళ్లుగా పనిచేసిన చోటు. ఖమ్మం రోడ్డులో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం. మహబూబాబాద్ వాళ్లకు మల్యాల, కరీంనగర్ వైపు జమ్మికుంట, జగిత్యాల వాళ్లకు పొలాసలోని పరిశోధన స్థానం, పసుపు రైతులకు కమ్మర్‌పల్లి. ఫీజు లేదు, అమ్మేదీ లేదు. తెగుళ్ల శాస్త్రవేత్త వేరు, పురుగుల శాస్త్రవేత్త వేరు. వెళ్లే ముందు ఫోను చేసి ఆ మనిషి ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కోండి.

చాలామంది అక్కడి నుంచి నిరాశగా రావడానికి కారణం వాళ్లు తీసుకెళ్లిన మొక్కే. ఎండిపోయి కట్టెగా మారిన మొక్క తెస్తారు. చచ్చిన మొక్క మీద నానా బూజులూ చేరతాయి. అందులో చంపింది ఏదో, తర్వాత తినడానికి వచ్చింది ఏదో ఎవరూ చెప్పలేరు. రోగం ఇప్పుడిప్పుడే మొదలైన మొక్క ఒకటి, సగం ముదిరింది ఒకటి, పక్కనే ఆరోగ్యంగా ఉన్నది ఒకటి తీసుకెళ్లాలి. లాగకూడదు, పారతో తవ్వి వేళ్లతో, మట్టితో తీయాలి. వేళ్ల ముద్దను మాత్రం ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆకులను పాత వార్తాపత్రికలో చుట్టాలి. మొక్కంతా ప్లాస్టిక్ సంచిలో పెట్టి గంటకు పైగా బస్సులో వస్తే లోపల ఆవిరికి ఆకులు ఉడికి నల్లబడతాయి. శాస్త్రవేత్త చేతికి అందేది ఆకుకూర. శనివారం మధ్యాహ్నం తీసుకెళ్తే సోమవారం దాకా అదే గతి.

ఇంకో చీటీ కూడా ఉండాలి. రకం పేరు, నాటిన తేదీ, ముందు వేసిన పంట, ఎప్పుడు ఏం కొట్టారు, ఎన్ని బస్తాల యూరియా వేశారు. దాచకుండా రాయండి. యూరియా లెక్క అడిగినప్పుడు మనవాళ్లు సిగ్గుపడి ఒక బస్తా తగ్గించి చెబుతారు. శాస్త్రవేత్తలు మనసులో ఒక బస్తా కలుపుకుంటారు, కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు.

చుట్టుపక్కల ఏ పంటలున్నాయో కూడా అడుగుతారు, విసుక్కోకండి. తెగుళ్ల శాస్త్రం పాఠాలు చాలావరకు చలిదేశాల్లో రాసినవి. 1845లో ఐర్లండ్ బంగాళాదుంపను నాశనం చేసిన తెగులు కథతోనే ఆ పుస్తకాలు మొదలవుతాయి. అక్కడ చలికాలం వస్తే పొలాలు ఖాళీ, పురుగుకూ తిండి ఉండదు. మనకు ఆ చలి సెలవు లేదు. చెల్కలో మిరప అయిపోయేలోగా బావి కింద కూరగాయలు, గట్టు మీద కలుపు, యాసంగిలో మళ్లీ ఇంకేదో. తెల్లదోమకు ఏడాది పొడవునా విందే. ఒక పంట తన రోగాన్ని మరో పంట చేతిలో పెట్టి పోతుంది. వేడి దేశాల్లో రోగం పేరు చెప్పాలంటే ఆ ఒక్క ఆకు చూస్తే చాలదు, ఊరు చూడాలి. ఈ ఒక్క విషయంలో పరాయి దేశపు పుస్తకం, యాప్ రెండూ మన పక్క పొలం మనిషి కన్నా వెనకే.

వరికి గ్లాసు నీళ్లు

వరి విషయంలో ఇంటి దగ్గరే తేల్చుకోగల పరీక్ష ఒకటుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలు అలలుగా ఎండు గడ్డి రంగుకు మారుతుంటే ఎండాకు తెగులా, పోషక లోపమా అన్న అనుమానం వస్తుంది. అప్పుడే మొదలైన ఆకును పచ్చదనం, పసుపు కలిసే చోట చిన్న ముక్క కత్తిరించి గాజు గ్లాసులో తేట నీళ్లలో వేయండి. కదపకండి. బ్యాక్టీరియా ఉంటే కొన్ని నిమిషాల్లో కోసిన చోట నుంచి పొగలాంటి తెల్లటి చార నీళ్లలోకి జారుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బాగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ "ఆకు పాలిస్తోందా?" అంది. చార కనిపిస్తే వెంటనే ఆపాల్సింది యూరియా. తీయాల్సింది మడిలో నీళ్లు.

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, మధ్య ఈనె పాలిపోవడం, మడిలో అక్కడక్కడా మొక్కలు గిడసబారడం కనిపిస్తే అది చాలాసార్లు జింకు లోపం. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటుతో తీరిపోయేదానికి బూజుమందులు కొట్టించుకున్నవాళ్లను చూశాను. నువ్వు గింజంత గోధుమ మచ్చలు ఆకంతా ఉంటే గోధుమమచ్చ తెగులు. అది తిండి లేని నేలలో ఎక్కువ విజృంభిస్తుంది. మన దగ్గర దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, 1942లో బెంగాల్ వరిని దెబ్బతీసింది అదే. మరుసటి ఏడు అక్కడ లక్షల మందిని బలిగొన్న కరువుకు పాలకుల తీరు, యుద్ధం, ధరలు ఎంత కారణమో, ఆ తెగులు ఎంత కారణమో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

వైరస్ అయితే ఎక్కడికీ వెళ్లకండి

ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. మొక్కకు వైరస్ సోకాక దాన్ని బాగుచేసే మందు లేదు. "వైరస్‌కు ప్రత్యేకం" అని అమ్మే సీసా కోసం బండికి పెట్రోలు పోయించుకోవద్దు. తొలి దశలో కనిపించిన ఒకటి రెండు మొక్కలను పీకి కాల్చడం, తెల్లదోమకు పసుపు రంగు, తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు పెట్టడం, వచ్చే ఏడు నారును నైలాన్ వల కింద పెంచడం, చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయడం, చేతనైనవి ఇవే. వీటికి సలహా ఇచ్చేది ఎవరైనా ఒకటే.

2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏ గడపా పనిచేయలేదు, నిజం చెప్పుకోవాలి. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన పురుగు అది. ఆరేళ్లకు మన మిరప పూలల్లో చేరింది. పువ్వు తెంపి అరచేతిలో తట్టితే నల్ల నువ్వుల్లాంటివి పరుగులు పెట్టేవి. అది మామూలు తామర పురుగే అనుకుని మందు మీద మందు కొట్టాం. ఎంత కొడితే అంత పెరిగింది, ఎందుకంటే దాన్ని తినేవాటిని మనమే చంపుకున్నాం. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నిండు చేన్లు దున్నేశారు. శాస్త్రవేత్తలు పేరు తేల్చి చెప్పేలోగా అప్పులు చేతిలో ఉన్నాయి. ఆ అనుభవంతో నేను నేర్చుకున్నది, మందు రెండోసారి పనిచేయకపోతే మూడోసారి కొట్టకుండా ములుగు రోడ్డు బస్సు ఎక్కడం.

ల్యాబు ఎప్పుడు?

రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, వరి పరిశోధన సంస్థ, విశ్వవిద్యాలయం ల్యాబులు ఉన్నాయి. వైరస్ ఏదో, బ్యాక్టీరియా ఏదో జన్యు పరీక్షతో తేల్చగలరు. కానీ ఫలితం వచ్చేసరికి మామూలు రైతుకు ఈ పంటలో చేయడానికేమీ మిగలదు. నర్సరీ పెట్టుకున్నవాళ్లకు, విత్తనోత్పత్తి చేసేవాళ్లకు, కొత్త రోగమని శాస్త్రవేత్తలే పంపమన్నప్పుడు అది వేరే మాట.

ఇంకొక సందర్భం విత్తన వివాదం. కంపెనీ వాళ్లు వచ్చి "ఇది తెగులు, విత్తనం తప్పు కాదు" అంటారు, రైతు "విత్తనంలోనే ఉంది" అంటాడు. అప్పుడు మనకు కావాల్సింది మందు చెప్పేవాడు కాదు, కాగితం రాసిచ్చేవాడు. మండల వ్యవసాయ అధికారికి, మిరపైతే ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పంట చేనులో ఉండగానే శాస్త్రవేత్తల బృందం చూసేలా చేయాలి. దున్నేశాక ఎంత మంచి ల్యాబైనా చేసేదేమీ ఉండదు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయితే అక్కడ ముందు అడిగేది బిల్లు, ఆ తర్వాత విత్తన సంచి. అందుకని మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. సంచిని ట్యాగు కుట్టిన పైవైపు విప్పం, అడుగు కోసి గింజలు తీస్తాం. పిడికెడు గింజలు అందులోనే వదిలి, మడిచి, బిల్లుతో సహా అటక మీద పెడతాం. పంట అమ్ముడయ్యేదాకా అమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు.